గట్టు మీద మనిషి

ఆరోగ్యమ్మకు ఆ పేరు పెట్టిన ఫాదరుగారికి ముందుచూపు ఉందనుకోవాలో, ఊరి భారం ఆమె నెత్తిన పెట్టిన మొదటి మనిషి ఆయనేననుకోవాలో చెప్పడం కష్టం. చందర్లపాడుకు నాలుగు మైళ్ల అవతల, నందిగామకు పొద్దునొకటి సాయంత్రమొకటి బస్సు తిరిగే ఊళ్లో, చర్చి వెనక పేటలో ఆమె కాపురం. ఊళ్లో డాక్టరు లేడు, మందుల షాపు లేదు. నెలకోసారి నర్సమ్మ వచ్చి పిల్లలకు సూదులు వేసి, బస్సు వెళ్లిపోతుందేమోనని నిలబడే కాఫీ తాగి వెళ్లేది. మిగిలిన ఇరవై తొమ్మిది రోజులూ ఒళ్లు కాలినా, కాలు విరిగినా, పాము కరిచినా దేవుడి తర్వాత ఆరోగ్యమ్మే. కొందరైతే దేవుణ్ణి తర్వాత చూసుకుందామని ముందు ఆమెనే పిలిచేవారు.

ఇదంతా ఆమె కోరి తెచ్చుకున్నది కాదు. తొంభై ఒకటిలో చర్చి సంఘం వాళ్లు జగ్గయ్యపేటలో పదిరోజుల శిక్షణ పెట్టి, ఊరికొక ఆడమనిషిని పంపమన్నారు. పదిరోజులు పొయ్యి వదిలి వెళ్లడానికి ఏ ఇల్లాలు ఒప్పుకుంటుంది? అందరూ తిరిగి తిరిగి ఆరోగ్యమ్మ మీద పడ్డారు. "నీకు పిల్లా జెల్లా లేరు గదా, నువ్వెళ్లు" అన్నారు. పిల్లలు లేకపోవడం కూడా ఒక చదువు కింద లెక్కకొస్తుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

అక్కడ క్రిస్టీ అనే సిస్టరు వాళ్లకు కట్టు కట్టడం, విరిగిన ఎముకకు బద్దలు వేయడం, విరేచనాలకు ఉప్పు పంచదార నీళ్లు కలపడం నేర్పింది. చివరి రోజున తలా ఒక రేకు పెట్టె ఇచ్చింది. "ఇందులో ఉన్నవి ఆరు నెలలకు అయిపోతాయి. మళ్లీ ఎవరూ పంపరు. మీ ఇంట్లో దొరికేవాటితో నింపుకోవడం నేర్చుకోండి" అని కూడా చెప్పింది. అబద్ధం చెప్పని మనిషి. ఆరు నెలలకు పెట్టె ఖాళీ అయింది, మళ్లీ ఎవరూ పంపలేదు. ఆరోగ్యమ్మ పాత నూలు చీరలు చింపి, గుడ్డలు ఉడకేసి, ఎండలో ఆరేసి, మడతలు పెట్టి కొత్త పాలిథిన్ సంచుల్లో మూట కట్టేది. బత్తాయి పెట్టెల చెక్కలు అడుక్కొచ్చి నున్నగా గీయించి బద్దలు చేసింది. టించరు, స్పిరిటు మాత్రం నందిగామ వెళ్లినప్పుడు కొనుక్కొచ్చేది. ఎవరికైనా కట్టు కడితే మళ్లీ ఆ గుడ్డ ఉతికి వెనక్కి ఇవ్వాలని చెప్పేది. పదిమందిలో ఒకరు ఇచ్చేవారు. మిగతా తొమ్మిది గుడ్డలూ పిడతలు దించే మసిగుడ్డలైపోయేవి.

కాలిన చోట సిరా పోయవద్దని, పాము కాటుకు బ్లేడుతో కొయ్యవద్దని చెప్పి చెప్పి ఆమెకు నోరు నొప్పి పుట్టింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. అయినా అవన్నీ ఆమెకు తెలిసిన ఆపదలు. తెలియని ఆపద పత్తితో వచ్చింది.

తొంభై అయిదు దాటాక ఆ మెట్ట మీద ఎటు చూసినా పత్తే. పత్తి వెంట పచ్చపురుగు, పురుగు వెంట మందులు. వారానికొకసారి కొట్టే మందు మూడు రోజులకొకసారయింది. ఒకటి పని చెయ్యకపోతే రెండు కలిపేవారు, రెండూ పని చెయ్యకపోతే మూడు. పేట మగవాళ్లు లుంగీ ఎగగట్టి, ఒంటి మీద చొక్కా లేకుండా, వీపున పంపు తగిలించుకుని చేల వెంట పడ్డారు. తొంభై ఏడు అక్టోబరులో పేటలోనే ఒకతను చేలో పడిపోయాడు. నోట్లోంచి చొంగ, ఒళ్లంతా చెమట, కంటిపాప ఆవగింజంత. జనం మూగి ఉప్పునీళ్లు, చింతపండు రసం గొంతులో పోశారు. ఆరోగ్యమ్మ పక్కనే ఉంది. వద్దనాలో వద్దనకూడదో ఆమెకు తెలియలేదు. క్రిస్టీ సిస్టరు ఈ పాఠం చెప్పలేదు.

నందిగామ ఆసుపత్రిలో డాక్టరు అడిగిన మొదటి మాట, "ఏం మందు?" అని. ఎవరికీ తెలియదు. డబ్బా తెమ్మన్నాడు. వెంట వచ్చినవాళ్లు ఊరికి పరుగెత్తి ఆ మనిషి ఇంట్లో చూస్తే, ఆ డబ్బాను ఎవరో కడిగి, కాగితం గీకేసి, అప్పుడే కిరసనాయిలు పోసి పెట్టారు. ఆ రోజుల్లో మందు డబ్బా అంటే ఆడవాళ్లకు అంత ఇష్టం. గట్టి మూత, చేత్తో పట్టుకోవడానికి పిడి, ఊరికే వచ్చింది. కొందరు అందులో చేలోకి మంచినీళ్లు కూడా తీసుకెళ్లేవారు. వాళ్లను తిట్టి ఏం లాభం? పారేయడం తెలియని ఇళ్లు అవి. ఆ మనిషి సాయంత్రానికి పోయాడు. ఆరోగ్యమ్మ వారం రోజులు అన్నం ముందు కూర్చుని లేచిపోయింది.

ఎనిమిదో రోజున ఆమె మళ్లీ నందిగామ వెళ్లి డాక్టరు గది ముందు కూర్చుంది. చీటీ లేదు, రోగం లేదు.

"ఏంటమ్మా నీకు?" అన్నాడు డాక్టరు.

"నాకేం లేదండి. ఈసారి పడిపోతే నేనేం చెయ్యాలో చెప్పండి."

ఆయన విసుక్కున్నాడు గాని చెప్పాడు. తడిసిన బట్టలు వెంటనే విప్పెయ్యి. సబ్బుతో తల నుంచి కాళ్ల దాకా కడుగు. ఎడం పక్కకు తిప్పి పడుకోబెట్టు, నోరు తుడుస్తూ ఉండు. స్పృహ లేని మనిషి గొంతులో ఏదీ పోయవద్దు, వాంతి చేయించవద్దు. నీ చేతులకు ముందు ప్లాస్టిక్ కవర్లు కట్టుకో. ఒక్కో మందుకు ఒక్కో విరుగుడు, కొన్నిటికి విరుగుడే లేదు. అందుకని డబ్బా తీసుకురా, మనిషి కంటే ముందు డబ్బా నా బల్ల మీద పెట్టు. ఆరోగ్యమ్మ ఆ మాటలు బస్సులో వచ్చేటంతసేపూ కీర్తనలా వల్లె వేసుకుంది.

తర్వాత ఆమె నందిగామలో పురుగుమందుల షాపు వెంకటకృష్ణారావు దగ్గరికి వెళ్లింది. అమ్మిన ప్రతి మందు తాలూకు కాగితం ఒకటి తనకు కావాలంది.

"అంటే నా మందులు విషమనా నీ ఉద్దేశం?" అన్నాడాయన.

"కాకపోతే పురుగెట్టా చస్తదండి?"

షాపులో ఉన్న రైతులు నవ్వారు. వెంకటకృష్ణారావుకు కోపం రావాలి గాని నవ్వే వచ్చింది. ఆనాటి నుంచి పగిలిన సీసాల కాగితాలు, కంపెనీవాళ్లిచ్చిన కాగితాలు ఒక సంచిలో వేసి ఉంచేవాడు. ఆరోగ్యమ్మకు కూడబలుక్కుని చదవడం వచ్చు. వాటిని అన్నం మెతుకులతో ఒక పొడుగు పుస్తకంలో అంటించింది. అన్నిటికంటే విషమని ఎర్ర గుర్తు వేసినవి ముందు, పసుపుపచ్చవి తర్వాత, నీలివి ఆ తర్వాత. ఏది కొట్టినా ముందు ఆ పుస్తకంలో చూపించమని ఇల్లిల్లూ తిరిగింది. "ఆరోగ్యమ్మకు పిచ్చి పట్టింది, మందు కాగితాలు ఫొటోలు దాచుకున్నట్టు దాచుకుంటోంది" అన్నారు.

ఆమె పెట్టిన ఇంకో నియమం జనానికి మరీ నవ్వులాటయింది. మందు కొట్టేచోట గట్టు మీద ఒక మనిషి ఊరికే కూర్చోవాలి. చేతిలో సబ్బు, పక్కన రెండు బిందెల నీళ్లు, ఒక పొడి లుంగీ, మందు డబ్బా. చేలోకి దిగకూడదు, వేరే పని చెయ్యకూడదు. కొట్టేవాడి మీద నుంచి చూపు తియ్యకూడదు. పని చెయ్యని మనిషికి కూలి ఏ ఆసామి ఇస్తాడు? కూలి లేకుండా ఎవరు కూర్చుంటారు? చివరకు ఆరోగ్యమ్మే కూర్చునేది. తన పని మానుకుని ఇవాళ ఒకరి గట్టు, రేపు ఇంకొకరి గట్టు. అయిదేళ్లలో ఆమె పదకొండు మందిని ఆసుపత్రికి చేర్చింది. తొమ్మిదిమంది తిరిగొచ్చారు. తిరిగొచ్చినవాళ్లు పండక్కి కనిపిస్తే నవ్వేవారు. రానివాళ్ల ఇళ్ల ముందు నుంచి నడవాలంటే ఆమె చుట్టూ తిరిగి వెళ్లేది.

అలసిపోయింది. వయసు నలభై దాటిందో లేదో, మోకాళ్లు పట్టేశాయి. వాకిట్లో ఎవరి చెప్పుల చప్పుడు గబగబా వినిపించినా ఉలిక్కిపడేది. ఎవరైనా మామూలుగా పంచదార అప్పుకు వచ్చినా, పెట్టె ఎక్కడుందా అని చెయ్యి వెతుక్కునేది. అన్నిటికంటే ఆమెను తినేసే భయం ఒకటుంది. తన మొగుడు ప్రేమదాసు కూడా మందు కొట్టే కూలీయే. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, ఊరంతా కాస్తో కూస్తో విన్న మాట అతను వినడు. చొక్కా వేసుకోమంటే ఉక్క అంటాడు. గాలికి ఎదురు కొట్టకయ్యా అంటే, "గాలినడిగి పత్తేశామా?" అంటాడు. తాను ఇంకెవరి గట్టు మీదో ఉన్నప్పుడు అతను పడిపోతే చూసేదెవరు? ఈ పని తెలిసిన రెండో మనిషి ఊళ్లో లేదు.

ఆ రెండో మనిషి కోసం ఆమె వెతకని రోజు లేదు. ఆమె కన్ను రత్తమ్మ మీద ఉంది. రత్తమ్మ ప్రేమదాసు పినతల్లి కూతురు, మొగుడు పోయి ఒంటరిగా ఉంటుంది. చేతిపని చురుకు. కట్టు కట్టమంటే ఆరోగ్యమ్మ కంటే అందంగా కట్టేది. కాగితాల మీద ఏ రంగు గుర్తు ఎంత విషమో చెబితే ఒక్కసారికే పట్టేసింది. కాని మనిషి పడిపోయాడనగానే తలుపు వేసుకునేది.

"నా చేతిలో మనిషి పోతే నేను తట్టుకోలేనొదినా" అనేది. "నువ్వున్నావుగా."

నువ్వున్నావుగా. ఆ మాట వింటే ఆరోగ్యమ్మకు ఒళ్లు మండేది. ఊరు ఊరంతా ఆ మాట పక్కలో వేసుకుని నిద్రపోతోంది, తనకు మాత్రం నిద్ర లేదు.

రెండు వేల రెండు అక్టోబరులో ఒక మధ్యాహ్నం. ప్రేమదాసు ఆసామి వెంకటరత్నంగారి పత్తిలో మందు కొడుతున్నాడు. గట్టు మీద ఆరోగ్యమ్మ. పక్క మిరపచేలో రత్తమ్మ కలుపు తీస్తోంది. రెండు గంటల వేళ కృష్ణయ్య పెళ్లాం గట్ల మీద పడుతూ లేస్తూ వచ్చింది. కృష్ణయ్య రెండెకరాల రైతు, తన చేలో తానే మందు కొట్టుకుంటాడు.

"ఆరోగ్యమ్మా, మా ఆయన పడిపోయాడే! నోట్లోంచి నురగొస్తంది. గబాల్న రావే!"

ఆరోగ్యమ్మ లేచి నిలబడింది. మొగుడి వైపు చూసింది.

"ఏవయ్యా, పంపు దించు. నేనొచ్చాక కొడుదువుగాని."

"కలిపిన మందు పాడైపోద్దే. రెండు పంపుల మందేగా ఉంది. నువ్వెళ్లు."

"దించమంటన్నానా!"

"ఆ మనిషి చస్తన్నాడు, ఇక్కడ నాతో తగువేంటి? పో!"

తగువుకు టైము లేదు. అదీ ఆమె ఖర్మ, ఏ తగువూ చివరిదాకా తీర్చుకునే టైము ఆమెకు ఎప్పుడూ లేదు. మిరపచేలోకి తిరిగి కేకేసింది. "రత్తా! గట్టు మీద కూచో. నేనొచ్చేదాకా కదలమాక. నీకు దణ్ణం పెడతా." రత్తమ్మ జవాబు చెప్పేలోపే ఆమె పరుగు పెట్టింది.

కృష్ణయ్య బట్టలు విప్పి, కడిగి, పక్కకు తిప్పి, ఊళ్లో ఉన్న ఒకే ఒక్క ట్రాక్టరులో వేసుకుని నందిగామ చేరేసరికి మూడున్నరయింది. డాక్టరు బల్ల మీద డబ్బా పెట్టింది. "సరిగ్గా తెచ్చావు" అన్నాడాయన. సూదులు మొదలుపెట్టారు. నాలుగున్నరకు కృష్ణయ్య కళ్లు తెరిచి నీళ్లడిగాడు. ట్రాక్టరు వెంటనే తిరిగి వెళ్తుందనుకుంటే, డ్రైవరు ఏదో సామాను వేసుకురావడానికి బజారుకు పోయాడు. ఆరోగ్యమ్మ వరండాలో గోడకు చేరబడి కూర్చుంది. ఒంట్లో ఒక్క ఎముకకూ ఓపిక లేదు. మనసు మాత్రం వెంకటరత్నంగారి గట్టు మీదే ఉంది. ఈపాటికి రెండు పంపులూ అయిపోయి ఉంటాయి, కాళ్లు కడుక్కుని ఇంటికి పోయి ఉంటాడు అని తనకు తానే చెప్పుకుంది.

అయిదు గంటలకు పాల వ్యాను ఒకటి వచ్చి ఆసుపత్రి ముందు ఆగింది. పాల క్యాన్ల మధ్య నులకమంచం, మంచం మీద మనిషి. ఎవరో పేషెంటు అనుకుని, అలవాటు చొప్పున ఆరోగ్యమ్మ లేచి వెళ్లింది. మంచం పక్కన రత్తమ్మను చూసింది. అప్పుడు మంచం మీదికి చూసింది.

వ్యాను డ్రైవరు దిగి గోల పెడుతున్నాడు. "నాకెందుకొచ్చిన గొడవండి! పోలీసు కేసవుద్ది, నేనెక్కించుకోనన్నా. ఈవిడ రోడ్డుకడ్డంగా పడుకుంది. ముందు నా మీద నుంచి పోనీ అంది. ఏం చెయ్యమంటారు?"

ప్రేమదాసు ఒంటి మీద పొడి లుంగీ ఉంది. జుట్టు తడిగా ఉంది, సబ్బు వాసన వస్తోంది. ఎడం పక్కకు తిప్పి పడుకోబెట్టి, వీపు వెనక గోనె సంచి దన్ను పెట్టి ఉంది. ఒక్క తప్పు లేదు. చేయగలిగినదంతా ఎవరో చేసేశారు. తాను చెయ్యడానికి ఏమీ లేకపోయేసరికి ఆరోగ్యమ్మ చేతులు ఏం చెయ్యాలో తెలియక గాలిలో ఆగిపోయాయి. లోపలికి తీసుకెళ్లాక డాక్టరు ఎప్పటిలాగే ఆమె వైపు తిరిగి అడిగాడు.

"ఆరోగ్యమ్మా, ఏం మందు?"

పొద్దున ఆ మందు కలుపుతుంటే ఆమే చూసింది. పేరు కూడబలుక్కుని చదివింది. ఇప్పుడు పేరూ గుర్తు లేదు, రంగూ గుర్తు లేదు. డాక్టరు మళ్లీ అడిగాడు. రత్తమ్మ కొంగు ముడి విప్పి, కవరులో చుట్టిన సీసా తీసి బల్ల మీద పెట్టింది.

"ఎర్ర గుర్తుదండి. దీంట్లో ఇంకేదీ కలపలా. మూడున్నరకు పడిపోయాడు. గొంతులో ఏమీ పొయ్యనీలేదు నేను, పోస్తామని కొట్లాడారు."

డాక్టరు సీసా చూశాడు, నర్సును పిలిచాడు. ఆరోగ్యమ్మను, "ఇతను నీకేమవుతాడు?" అని అడిగాడు. ఇన్నేళ్లలో ఆయన ఆ ప్రశ్న ఆమెను ఎప్పుడూ అడగలేదు.

"మొగుడండి."

"బయట కూర్చోమ్మా. తెల్లారేదాకా ఏమీ చెప్పలేను."

ప్రేమదాసు బతికాడు. ఆ తర్వాత అతని కాళ్లలో తిమ్మిరి పోలేదు, మళ్లీ పంపు ఎత్తలేదు, కాని బతికాడు. ఆ సంగతి మర్నాడు మధ్యాహ్నం దాకా ఎవరికీ తెలియదు. ఆ సాయంత్రం వరండాలో కూర్చున్న ఆరోగ్యమ్మకు అసలే తెలియదు. ఆమెకు తెలిసిందల్లా ఒక్కటే, తాను గట్టు మీద లేదు. కృష్ణయ్య కోసం లేచి వెళ్లింది. మళ్లీ అలాంటి వేళ వస్తే మళ్లీ వెళ్తుంది. ఆ సంగతి తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

కాసేపటికి రత్తమ్మ బయటకు వచ్చి, వరండా చివరికి పోయి భళ్లున వాంతి చేసుకుంది. ఆరోగ్యమ్మ గబుక్కున లేచి వెళ్లి ఆమె గడ్డం పట్టుకుని కళ్లలోకి చూసింది.

"చేతులకు కవర్లు కట్టుకున్నావా?"

"కట్టుకున్నా."

"తర్వాత సబ్బుతో కడుక్కున్నావా?"

"రెండుసార్లు. మందు కాదొదినా. భయం." రత్తమ్మ గోడకు జారగిలబడి ఏడ్చింది. "అన్నయ్య కళ్లు తేలేశాడు. మంచమ్మీద తీసుకొస్తంటే ఊపిరి ఆగిందనుకున్నా. రెండుసార్లు ఆగిందనుకున్నా. నాకు చేతకాదొదినా. ఇంకెప్పుడూ నన్ను పిలవమాక. నీ కాళ్లు పట్టుకుంటా."

ఆరోగ్యమ్మ ఆమె పక్కన కూర్చుని కొంగుతో ఆమె మొహం తుడిచింది. తొంభై ఏడులో తానూ ఇలాగే ఇదే వరండాలో కూర్చుంది. ఆనాడు ఎవరైనా వచ్చి, "ఇక నీకు ఈ పని వద్దమ్మా, ఇంటికి పో" అని ఉంటే, వాళ్ల కాళ్లకు మొక్కి వెళ్లిపోయేది. ఆ ఒక్క మాట రత్తమ్మకు చెప్పాలని ఆమె ప్రాణం కొట్టుకుంది. సరేలే అనొచ్చు. ఒక్క మాట. దానికి ఖర్చేమీ లేదు.

"రత్తా" అంది. "వెంకటరత్నంగారి చేలో మిగిలింది రేపు కొడతారు. పేట నుంచి ఇద్దరెళ్తామని నిన్నే అనుకున్నారు. నేనిక్కణ్ణుంచి కదల్లేను."

రత్తమ్మ చెంపదెబ్బ తిన్నట్టు చూసింది. "నీకు జాలి లేదొదినా."

"ఉంది" అంది ఆరోగ్యమ్మ. ఆమె కళ్లు నిండాయి.

ఎదురుగా బస్టాండు వైపు జనం పోతున్నారు. రత్తమ్మ ముక్కు చీది, కొంగు దులుపుకుంది.

"పొద్దున ఎన్నింటికి మొదలెడతారు?"

"ఏడింటికి. నువ్వు ఆరున్నరకే వెళ్లు. ఏం మందు కలుపుతున్నారో ముందు చూడు."

రెండో మనిషి దొరికింది. అయిదేళ్లుగా ప్రార్థనల్లో అడిగింది ఇదే. సంతోషం కలుగుతుందేమోనని ఆరోగ్యమ్మ కాసేపు ఎదురుచూసింది, కలగలేదు. ఇక మీదట వాకిట్లో చెప్పుల చప్పుడుకు ఉలిక్కిపడేది రత్తమ్మ కూడా. ఆ శాపం తానే అంటించింది, చేతులారా, ఏడుస్తున్న మనిషికి. సాయంత్రం బస్సు హారన్ వినిపించి రత్తమ్మ లేచి నిలబడింది. వెళ్తూ వెళ్తూ, ఇంట్లో సబ్బు ఎక్కడ పెట్టావొదినా అని అడిగింది.